తాతగారి కర్ర, మనవరాలి చెయ్యి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర ఓ ఊరు. మా ఆయన కువైట్‌లో డ్రైవరుగా చేస్తున్నారు. ఇంట్లో నేను, ఎనిమిదో తరగతి చదివే మా పాప, మా మావయ్యగారు ఉంటాం. మావయ్యగారికి 71 ఏళ్ళు. కొబ్బరి దింపులు తీసి కుటుంబాన్ని లాక్కొచ్చిన మనిషి. వయసులో ఉన్నప్పుడు దసరాకి అమలాపురం వెళ్ళి తాలింఖానాలో కర్ర తిప్పేవారట. మా అత్తయ్యగారు పోయిన దగ్గర్నుంచి అరుగు మీదే కూర్చుంటారు, పిలిస్తేగానీ పలకరు. మొన్న సెలవుల్లో పాప అటక మీద ఆయన కర్ర చూసింది. అప్పట్నుంచీ నేర్పమని తాతయ్య వెంట పడుతోంది. ఆయన ‘మీ అమ్మనడుగు’ అన్నారు. మా ఆయనకి ఫోన్లో చెప్తే, ‘ఈ రోజుల్లో కర్రెందుకు? ఏదన్నా అయితే 112కి ఫోన్ చేస్తే సరి. అంతగా కావాలంటే కరాటేలో చేర్పించు, సర్టిఫికెట్ అన్నా వస్తుంది’ అన్నారు. ఆడపిల్లకి కర్రసామేంటని మా వీధిలోవాళ్ళు నవ్వుతున్నారు. పేపర్లో వార్తలు చూస్తుంటే ఆత్మరక్షణకన్నా పనికొస్తుందేమోనని నాకు ఆశగా ఉంది. నిజంగా ఈ కాలంలో ఈ విద్యకి ఉపయోగం ఉందాండీ? చదువు పాడవదా?
– ఓ తల్లి, కోనసీమ

సమాధానం:

అమ్మా, నేర్పించండి. వచ్చే సెలవుల దాకా ఆగొద్దు, ఈ వారమే మొదలుపెట్టించండి. అయితే మీరు దేని మీద ఆశ పెట్టుకున్నారో సరిగ్గా అక్కడే నేను కాదనాల్సి వస్తోంది. ముందు ఆ సంగతి చెప్పేస్తాను.

మీ పాప స్కూలుకి ఐదడుగుల వెదురు కర్ర పట్టుకెళ్ళదు. ట్యూషన్ నుంచి చీకటిపడ్డాక సైకిల్ మీద వచ్చేటప్పుడు వీపున పుస్తకాల సంచి ఉంటుంది గానీ చేతిలో కర్ర ఉండదు. పైగా ఆడపిల్లకి ఆపద ఎప్పుడూ తెలియనివాడి రూపంలోనే రాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే లెక్కల్లో, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. చుట్టమో, పక్కింటివాడో, పాఠం చెప్పేవాడో. అలాంటివాడి మీద చెయ్యెత్తాలన్న ఆలోచనే పిల్లకి రాదు. వాడు చేస్తున్నది తప్పని ముందు తెలియాలి, తరవాత నోరు పెగలాలి, ఆ తరవాత మీ దగ్గరికొచ్చి చెప్తే మీరు నమ్మాలి. ఇందులో కర్ర చేసే పని ఏమీ లేదు. ఆ మాటలు మీరూ పాపా కూర్చుని మాట్లాడుకోవాల్సినవి. 112తో పాటు పిల్లల సహాయానికి 1098, ఆడవాళ్ళకి 181 నంబర్లు కూడా దానికి నోటికి వచ్చి ఉండాలి. ఆ విషయంలో మీ ఆయన అన్నది సబబే.

చట్టం సంగతీ తెలుసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. మీదకొచ్చినవాణ్ణి ఎదుర్కోవడం నేరం కాదంటూనే, కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చెయ్యకూడదని 37వ సెక్షన్ అంటుంది. వాడు కిందపడి లేవలేని స్థితిలో ఉన్నప్పుడు కోపంతో ఇంకోటి వేస్తే ఈ హక్కు కాపాడదు. కొట్టడం వచ్చినవాడికి ఆపడం కూడా రావాలన్నమాట. మీ మావయ్యగారి విద్యలో అసలు కష్టమంతా ఆపడంలోనే ఉంది.

కర్ర తిప్పడం నెలా రెండు నెలల్లో పట్టుబడుతుంది. గాలి చప్పుడు తప్ప కర్ర కనపడనంత జోరు రావాలంటే ఏడాది. అంత జోరుగా వెళ్తున్న కర్రని ఎదుటివాడి కణతకి వేలెడు దూరంలో నిలబెట్టాలంటే మాత్రం, నాకైతే ఏళ్ళకేళ్ళు పట్టింది. అది కూడా ఒక తప్పు చేశాకే వచ్చింది.

నాది వశిష్ఠ గోదావరి ఒడ్డున లంక ఊరు. పన్నెండో ఏట కర్ర పట్టాను. మా గురువుగారు కాలువల మీద పడవ నడిపిన మనిషి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, చాలాకాలం డెల్టాకి కాలువలే రోడ్లు కదా. ధాన్యం, కొబ్బరి, పెళ్ళివారు, అంతా పడవల మీదే. ఏళ్ళ తరబడి గెడ వేసిన ఆయన మణికట్టు నా పిడికిలికి అందేది కాదు. కర్రసాము అనగానే రాజులు, కోటలు అంటుంటారు గానీ, మన వైపు నేను చూసిన గురువులంతా గెడ వేసినవాళ్ళు, కావిడి మోసినవాళ్ళు, మీ మావయ్యగారిలా చెట్టెక్కినవాళ్ళు. పగలు పొట్టకూటికి వాడిన చేతులే సాయంత్రం కర్ర పట్టేవి. 1878లో తెల్లవాళ్ళు ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేనిదే ఆయుధం పట్టకూడదన్నారు. అయినా పశువుల్ని అదిలించే కర్రకి, పడవ తోసే గెడకి లైసెన్సు ఎవరడుగుతారు? అందుకే ఈ విద్య జనం చేతుల్లో మిగిలింది.

తప్పు సంగతి చెప్తున్నాను. నాకు 19 ఏళ్ళప్పుడు ఓ దసరా ఊరేగింపులో జనం ఈలలు వేస్తుంటే ఒళ్ళు తెలియలేదు. గురువుగారు వద్దన్న కత్తి అందుకున్నాను. స్నేహితుడు అరచేతిలో అరటికాయ పెట్టుకుని నిలబడ్డాడు. కాయ తెగింది, కాయ కింద వేలూ తెగింది. ఏడు కుట్లు పడ్డాయి. వాడి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా మడత పడదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, అది నాకు ఇంకా బరువు. గురువుగారు తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు వెళ్తే చేతికి చీపురిచ్చారు. రెండు నెలలు మేం సాము నేర్చుకునే తాలింఖానా ఊడ్చి, నీళ్ళు చల్లి, మిగతావాళ్ళు సాము చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. మూడో నెల కర్ర ఇచ్చి, ‘ఇప్పుడు తిప్పకు, ఆపు’ అన్నారు. గోడకి చాదు బొట్టు పెట్టి, దాన్ని తాకకుండా దాని ముందు ఆపమనేవారు. రోజుకి వందసార్లు. అలా ఏడాది.

మీ పాపకి ఈ విద్య ఏమిస్తుందని అడిగితే నేను మొదట చెప్పేది అదే. చేతిలో జోరు ఉండగా ఆపగలగడం. ఫోనులో మాట మాటా పెరిగినప్పుడు, క్లాసులో ఎవరో ఏదో అన్నప్పుడు, అది ఏ రకంగా పనికొస్తుందో నేను చెప్పక్కర్లేదు. 33 ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా పిల్లల మధ్య ఉన్నాను. కోపం రాని పిల్లల్ని చూడలేదు. కోపం వచ్చాక చెయ్యి ఎక్కడ ఆగాలో తెలిసిన పిల్లల్ని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

తాలింఖానా అన్న మాట చూడండి. తాలిం అంటే చదువు చెప్పడం, ఖానా అంటే చోటు. బడి అన్నమాట. అమలాపురం దసరాకి కొంకాపల్లి, మహిపాల వీధి, గండువీధి, ఇలా వీధివీధి నుంచీ ఊరేగింపు వాహనాలు కదులుతుంటే, ముందు చెడీ తాలింఖానా అనే కర్రా కత్తీ సాముల ప్రదర్శన నడుస్తుంది. కళ్ళకి గంతలు కట్టుకుని, మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయల్ని, కొబ్బరికాయల్ని కత్తితో నరుకుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాం. మీ పాప కూడా చూసే ఉంటుంది. అది ఆ బడి వార్షికోత్సవం లాంటిది. వార్షికోత్సవం చూసి పిల్లని బడిలో వేస్తాం గానీ, బడంటే అదే అనుకోం. మా డ్రిల్లు మాస్టార్లకి మల్లవీరుడు కోడి రామ్మూర్తి నాయుడుగారంటే దేవుడితో సమానం. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నారని అందరూ చెప్పుకుంటారు. విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పిన మాస్టారని ఎంతమంది చెప్పుకుంటారు? నాకు ఆయన రెండో ముఖమే ఇష్టం.

ఇక మీ ఆయన చెప్పిన కరాటే. నేను దాన్ని తక్కువ చెయ్యను. దగ్గర్లో మంచి మాస్టారు ఉంటే అదీ మంచి విద్యే. కానీ సర్టిఫికెట్ ఉన్నది గొప్పది, లేనిది పనికిరానిది అన్న లెక్క దగ్గరే నా పేచీ. కరాటే కూడా ఒకప్పుడు జపానుకి దక్షిణాన ఒకినావా దీవుల్లో గురువు నుంచి శిష్యుడికి గుట్టుగా అందిన విద్యే. ఇటోసు అనే మాస్టారు 1901 ప్రాంతంలో దాన్ని అక్కడి ప్రాథమిక బడిలో పెట్టించారు. ఫునకోషి అనే ఇంకో మాస్టారు 1922లో టోక్యో తీసుకెళ్ళి చూపించారు. నడుముకి కట్టే బెల్టుల పద్ధతి జూడో నుంచి తెచ్చుకున్నారు. ఇద్దరు ముగ్గురు బడిపంతుళ్ళు పూనుకోబట్టి అది మీ ఊరి పక్క టౌను దాకా వచ్చింది. మన దేశంలోనూ పూనుకున్నచోట పని జరిగింది. కేరళ కలరిపయట్టు, పంజాబు గత్కా, మణిపూర్ తాంగ్-తా లాంటి సాములు, స్తంభం మీద చేసే మల్లఖంబం కేంద్రం నడిపే ఖేలో ఇండియా యువజన క్రీడల్లోకి వచ్చాయి. వడకరలో కలరి నేర్పే మీనాక్షి అమ్మగారికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. డెబ్భై దాటాక కూడా చీర గోచీ పెట్టి కత్తి పట్టిన ఆడమనిషి ఆవిడ. మీ వీధిలో నవ్వేవాళ్ళకి ఆవిడ ఫొటో ఒకటి చూపించండి, ఇంకేం మాట్లాడొద్దు.

మన కర్రసాముకి ఆ పని చేసినవాళ్ళు తక్కువ. అందులో నా వాటా కూడా ఉంది. నేను పనిచేసిన బళ్ళలో కబడ్డీ నేర్పాను, ఖోఖో నేర్పాను, వాలీబాల్ జట్లని జిల్లా దాకా తీసుకెళ్ళాను. కర్రసాము ఒక్క పిల్లకి నేర్పలేదు. ఓ పెద్దసారు ‘అది సిలబస్‌లో లేదు కదా’ అంటే, ఊరుకున్నాను. అడగాల్సింది, పోట్లాడాల్సింది. కాబట్టి మీ ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పండి: దీంతో సీటు వస్తుందని, ఉద్యోగం వస్తుందని ఎవరన్నా డబ్బు అడిగితే నమ్మొద్దు, ముందు జీవో చూపించమనండి. పాపకి సర్టిఫికెట్ కావాలంటే కరాటేనో, స్కూల్లో ఇంకో ఆటో పక్కన ఉండనివ్వండి. రెండింటికీ గొడవ లేదు. కర్రతో కుదిరిన అడుగు అక్కడా పనికొస్తుంది.

చదువు పాడవదు. ఐదు నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు వంచే ఆటో పనో ఉండాలని, వారానికి మూడు రోజులన్నా ఎముకా కండా గట్టిపడే రకం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆడపిల్లల్లో ఎముక జోరుగా గట్టిపడేది పదకొండు పద్నాలుగేళ్ళ మధ్యే. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉంది. పొద్దున్న ఆరు నుంచి ఆరున్నర దాకా, వారానికి ఐదు రోజులు చాలు. పదో తరగతి వచ్చిందని మానిపించొద్దు, అప్పుడే ఇంకా అవసరం. పరీక్షల ముందు ఆట మాన్పించిన పిల్లలు నిద్ర పట్టడం లేదని, మెడ పట్టేసిందని నా దగ్గరికి వచ్చేవారు. వాళ్ళకి మార్కులు పెరిగింది నేను చూడలేదు.

అమ్మా, మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది మావయ్యగారి దగ్గర. పాప అడిగితే ‘మీ అమ్మనడుగు’ అన్నారని రాశారు. వద్దనలేదు, ఓపిక లేదనలేదు, ఆడపిల్లవి కదా అని కూడా అనలేదు. నేర్పాలని ఉంది, కానీ రేపు ఎవరన్నా మాటంటే అది పడేది మీరు కాబట్టి మీ మాట కోసం చూస్తున్నారని నాకు అనిపిస్తోంది. భార్య పోయాక, పిల్లాడు దూరాన ఉంటే, మగాడికి ఇంట్లో పని ఉండదు. తిన్నారా, పడుకున్నారా, మందు వేసుకున్నారా అని అడుగుతాం. మీకేం వచ్చు, మాకు నేర్పండి అని ఎవరడుగుతారు? మీ పాప అడిగింది. ఇన్నాళ్ళకి ఆయన్ని అడిగిన మొదటి మనిషి అదే అయ్యుండొచ్చు.

ఆయన కొడుక్కి ఎందుకు నేర్పలేదో నాకు తెలియదు, మీరూ అడగొద్దు. నేనూ మా అబ్బాయికి నేర్పలేదు. వాడు చదువుకుని బయటపడాలని, నాలా ఎండలో నిలబడకూడదని అనుకున్నాను. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో జిమ్ముకి డబ్బు కట్టి వెళ్తుంటాడు. ఫోన్లో ఆ సంగతి చెప్పిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ ఆయన కర్రెందుకు అనడం వెనక కూడా తనకి అందని విద్య మీద చిన్న నొప్పి ఏదో ఉందేమో. వీడియో కాల్‌లో తండ్రి కర్ర పట్టుకుని నిలబడటం ఒక్కసారి ఆయనకి చూపించండి.

ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. ఇంట్లో తాతే కదా అని ఊరికే మొదలుపెట్టించొద్దు. పళ్ళెంలో తమలపాకులు, వక్క, అరటిపళ్ళు, ఒక కొత్త పంచె పెట్టి, పాప చేత దణ్ణం పెట్టించి, ‘నేర్పండి’ అని నోటితో అడిగించండి. మీరూ పక్కన నిలబడండి. ఆ రోజు నుంచి సాము చేసే అరగంటసేపు ఆయన తాత కాదు, గురువు. ఆయన గట్టిగా అదిలిస్తే మీరు మధ్యలోకి వెళ్ళొద్దు. అయితే వెనకటి గురువుల్లో కొందరికి తప్పు అడుగు వేస్తే పిక్క మీద కర్రతో ఒకటి వేసే అలవాటు ఉండేది. మావయ్యగారికి ఆ అలవాటు ఉంటే, అది మాత్రం వద్దని మొదటి రోజే చెప్పేయండి. మంచిగా చెప్తే వింటారు.

ముందుగా ఆయన్ని డాక్టరుకి చూపించి బీపీ, మోకాళ్ళ సంగతి తెలుసుకోండి. ఆయన గెంతక్కర్లేదు. స్టూలు మీద కూర్చుని నోటితో లెక్క చెప్పినా విద్య వస్తుంది, మా గురువుగారు చివరి రెండేళ్ళు అలాగే నేర్పారు. ఓపిక ఉంటే నెమ్మదిగా నాలుగడుగులు వేయనివ్వండి. 65 దాటినవాళ్ళు పడిపోకుండా ఉండటానికి వారానికి మూడు రోజులన్నా ఒంటి నిలకడకి సాధన చెయ్యాలని ఆ ఆరోగ్య సంస్థే చెప్తోంది.

అటక మీది కర్ర పాపకి ఇవ్వొద్దు, అది పెద్దవాడి కర్ర, పైగా ఇన్నేళ్ళకి లోపల పుచ్చి ఉండొచ్చు. పాప నిలబడితే చెవి దాకా వచ్చే సన్నటి గట్టి వెదురు చూడండి. కణుపులు నున్నగా గీయించి, రెండు చివర్లా గుడ్డ చుట్టి, కొబ్బరినూనె రాయండి. చోటు విషయంలో మీ కోనసీమవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి: కొబ్బరిచెట్ల కింద వద్దు. కాయో మట్టో ఎప్పుడు రాలుతుందో తెలియదు. కళ్ళం మిగిలి ఉంటే కళ్ళం, లేకపోతే బడి మైదానం. పైన కరెంటు తీగ లేకుండా చూడండి. ఉత్త కాళ్ళతో నేల మీద చెయ్యాలి, వానాకాలం అయితే ముందు ఒకసారి చుట్టూ చూసి పాము, గాజుముక్క లేవని తేల్చుకోవాలి. మొదటి ఆరు నెలలు ఎదురెదురు కర్ర వద్దు. కత్తి, నిప్పు, కళ్ళగంత పాపకి పద్దెనిమిది నిండేదాకా మాటే వద్దు. ఈ ఒక్కదాంట్లో మీరు ఎవరి మాటా వినొద్దు, ఆఖరికి మావయ్యగారి మాట కూడా. నా స్నేహితుడి వేలు గుర్తు పెట్టుకోండి.

రీల్స్ గురించి అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. మొదటి ఏడాది ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళమనండి. పదిమంది చూస్తున్నారంటే చెయ్యి ఆగదు. నా చెయ్యి ఆగలేదు.

ఒక్కదానికి మాత్రం ఫోను వాడండి. ప్రతి గురువుకీ తనవైన లెక్కలు, అడుగుల పేర్లు, అదిలింపులు ఉంటాయి. పక్క ఊరి గురువుకి అవి తెలియవు, ఏ పుస్తకంలోనూ లేవు. మా గురువుగారివి నాకు సగమే గుర్తున్నాయి, మిగతా సగం ఆయనతో గోదాట్లో కలిశాయి. వారానికోసారి మావయ్యగారు చెప్తుంటే గొంతు రికార్డు చెయ్యండి. పాప ఒక నోటు పుస్తకం పెట్టి ఆ వారం నేర్చుకున్నది తన మాటల్లో రాసి, అడుగుల బొమ్మ వేసి, ఆయనకి చూపించి దిద్దించుకోవాలి.

మొదలుపెట్టాక నాకు రెండు ముక్కలు రాయండి. మొదటి రోజు ఆయన పాప చేత ఏ కాలు ముందు పెట్టించారు? మా వైపు ఎడమే పెట్టించేవారు. అంబాజీపేట వైపు ఏదో తెలుసుకోవాలని ఉంది.